చేసి చూస్తే వచ్చే ధైర్యం!

నాలుగేళ్లు చదివి పట్టా చేతికొచ్చాక కూడా ‘అసలు నాకేమొచ్చు?’ అని బెంగపడేవాళ్లు ఎందరో. అదే వయసులో ‘ఈ పని నేను చేయగలను’ అంటూ సొంత సంస్థ పెట్టేవాళ్లు కొందరు. తేడా తెలివితేటల్లో ఉందా, చదివిన తీరులో ఉందా? తరగతి గదిని కార్ఖానాగా మార్చేసిన కొన్ని కాలేజీల కథలు చూస్తే జవాబు దొరుకుతుంది.

‘నాన్నా, ప్రాజెక్టుకు డబ్బులు కావాలి.’

బీటెక్ ఫైనలియర్ పిల్లలున్న ఇళ్లలో ఏటా వినిపించే మాటే ఇది. తండ్రి కాదనడు. ఇన్నేళ్లూ లక్షలు పోసినవాడు ఆఖర్న కొన్ని వేల దగ్గర వెనకాడతాడా! మర్నాడు నలుగురు మిత్రులు కలిసి హైదరాబాద్‌లోని అమీర్‌పేట లాంటి చోటికి వెళతారు. అక్కడ హోటల్లో మెనూ కార్డులా ఓ జాబితా చేతికిస్తారు. అందులోంచి ఒకటి ఎంచుకోవడమే తరువాయి. కోడు, సర్క్యూటు బోర్డు, వంద పేజీల రికార్డు, దానికి బైండింగు, వైవాలో ఎక్స్‌టర్నల్ అడగబోయే ప్రశ్నలకు జవాబులు... అన్నీ కలిపి ఒకటే ధర. వారం తిరక్కుండానే ‘ప్రాజెక్టు’ పూర్తి!

మార్కులు బాగానే పడతాయి. చిక్కల్లా ఆ తర్వాతే. ‘ఈ ప్రాజెక్టులో నువ్వు చేసిందేమిటి?’ అని ఉద్యోగం ఇచ్చేవాళ్లు అడిగితే గొంతు తడారిపోతుంది. బట్టీపట్టిన నాలుగు వాక్యాలు ఐదో ప్రశ్నకు నిలబడవు. ఆ కుర్రాడికి తెలివి లేదా అంటే, ఉంది. కష్టపడే గుణం లేదా అంటే, అదీ ఉంది. లేనిదల్లా ‘ఇది నేను చేశాను’ అని చెప్పుకోగలిగే ఒక్క పని. అది లేనివాడికి రేపు ఉద్యోగంలో కొత్త పని అప్పజెప్పినా భయమే. సొంతంగా ఓ వ్యాపారం పెట్టమంటే ఇంకా భయం.

మన దగ్గర ఆఖరి సెమిస్టర్‌లో మొక్కుబడిగా మిగిలిపోయిన ఈ ప్రాజెక్టునే కొన్ని కాలేజీలు చదువు మొత్తానికి మూలస్తంభంగా చేసుకున్నాయి. అక్కడ ముందు పాఠం, తర్వాత పని అన్న వరస ఉండదు. ముందు ఓ సమస్య ఇస్తారు. దాన్ని పరిష్కరించడానికి ఏ పాఠం కావాలో విద్యార్థే వెతుక్కుంటూ వస్తాడు. అలా చదివినవాళ్లలో ధైర్యం పెరుగుతోందా, కొత్తవి కనిపెట్టే చొరవ వస్తోందా అన్నది యాభై ఏళ్లుగా విద్యావేత్తలు ఆసక్తిగా గమనిస్తున్న విషయం.

ఐదు వారాల్లో ఆక్సీమీటర్

కొవిడ్ విరుచుకుపడిన 2020, 2021 సంవత్సరాల్లో ఇంటింటికీ పరిచయమైన పరికరం పల్స్ ఆక్సీమీటర్. వేలికి క్లిప్పులా తగిలిస్తే రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చెప్పేస్తుంది. దాన్ని తయారుచేయమని అప్పుడే ఇంటర్ స్థాయి చదువు ముగించిన పిల్లలకు చెబితే?

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఉన్న ఓలిన్ ఇంజినీరింగ్ కాలేజీ సరిగ్గా ఆ పనే చేసింది. 1997లో ఏర్పాటైన ఈ కాలేజీ తొలి బ్యాచ్‌ను 2002లో చేర్చుకుంది. అంతకు ముందు ఏడాది మాత్రం 30 మంది విద్యార్థులను ‘భాగస్వాములు’గా పిలిపించింది. సిలబస్ ఎలా ఉండాలో తేల్చడానికి అధ్యాపకులతో కలిసి ప్రయోగాలు చేయడమే వాళ్ల పని. ఆ ప్రయోగాల్లో ఒకటి ఈ ఆక్సీమీటర్. గడువు ఐదు వారాలు. పిల్లలు చేయలేరనే పెద్దలు అనుకున్నారు. ఎక్కడ ఆగిపోతారో చూస్తే ఏ పాఠం ఎప్పుడు చెప్పాలో తెలుస్తుందన్నది వాళ్ల ఆలోచన. తీరా చూస్తే పిల్లలు పుస్తకాలూ పేటెంట్ పత్రాలూ తిరగేసి, అర్థం కానివి అడిగి తెలుసుకుని, పనిచేసే పరికరాన్ని తెచ్చి బల్లమీద పెట్టారు!

కాలేజీ తొలి అధ్యక్షుడు రిచర్డ్ మిల్లర్ ఈ కథను ఎన్నో సభల్లో చెప్పారు. ఆ ఐదు వారాల్లో ఆ పిల్లలు నేర్చుకున్న ఎలక్ట్రానిక్స్ ఎంతో గానీ, ‘తెలియని పనిలోకి దిగినా తేలగలం’ అన్న నమ్మకం మాత్రం వాళ్లకు జీవితాంతం సరిపోతుంది. ఈత వచ్చాకే నీళ్లలోకి దిగుతానంటే ఎవరికైనా ఈత ఎప్పటికొస్తుంది?

నమ్మకం ఎక్కణ్నుంచి వస్తుంది?

‘నువ్వు చేయగలవురా’ అని వీపు తడితే ధైర్యం వస్తుందా? కొంత వస్తుంది. అయితే అది ఎక్కువ కాలం నిలవదంటారు మనస్తత్వ శాస్త్రవేత్తలు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆల్బర్ట్ బండూరా 1977లో ఈ విషయం మీద ఓ ప్రసిద్ధ సిద్ధాంతాన్ని వెలువరించారు. ఒక పనిని తాను చేయగలనన్న నమ్మకం మనిషికి నాలుగు దారుల్లో వస్తుందన్నారాయన. తానే స్వయంగా చేసి గెలవడం మొదటిది. తనలాంటివాడు చేస్తుండగా చూడటం రెండోది. నమ్మకమైన వాళ్లు వెన్నుతట్టడం మూడోది. గుండెదడ, చెమటలు లాంటి శరీర సూచనలను భయంగా కాకుండా మామూలుగా తీసుకోగలగడం నాలుగోది. వీటన్నిటిలోకీ బలమైనది మొదటిదేనని ఆయన తేల్చారు.

అందులోనూ ఓ మెలిక ఉంది. సునాయాసంగా దక్కిన గెలుపు మనిషిని గట్టిపరచదు. అలాంటి గెలుపులకు అలవాటుపడినవాడు తొలి దెబ్బకే కూలబడతాడు. అడ్డంకులు దాటి, ఒకటి రెండుసార్లు పడి, లేచి సాధించినప్పుడే నమ్మకం స్థిరపడుతుంది. డబ్బిచ్చి కొన్న ప్రాజెక్టు ఎందుకు నష్టమో ఈ ఒక్క మాటతో తెలిసిపోతుంది. పడే అవకాశం లేని చోట లేచే అనుభవమూ ఉండదు.

మంచి ప్రాజెక్టు ఒక్కటి చేస్తే బండూరా చెప్పిన నాలుగు దారులూ ఒకేసారి తెరుచుకుంటాయి. తన చేత్తో పని జరుగుతుంది. పక్క బృందం గెలవడం కంటికి కనిపిస్తుంది. గైడు ప్రోత్సాహం ఉంటుంది. బయటివాళ్ల ముందు నిలబడి పదిసార్లు మాట్లాడేసరికి కాళ్ల వణుకూ తగ్గుతుంది.

ఫెయిలైతే... రాయరు!

అమెరికాలోనే వోర్సెస్టర్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. 1865లో పుట్టిన పాత సంస్థ. 1970లో అక్కడి అధ్యాపకులు ఓటేసి మరీ తమ చదువు పద్ధతిని తిరగరాసుకున్నారు. ఆ పద్ధతి ప్రకారం ప్రతి విద్యార్థీ తన సబ్జెక్టులో ఓ పెద్ద ప్రాజెక్టు చేయాలి. దాంతోపాటు తన సబ్జెక్టుతో నేరుగా సంబంధం లేకపోయినా సమాజానికి పనికొచ్చే ప్రాజెక్టు ఇంకొకటి చేయాలి. ఇద్దరు ముగ్గురు లేదా నలుగురు కలిసి ఓ ఊరికి వెళ్లడం, అక్కడి మనుషులతో మాట్లాడటం, వాళ్ల సమస్యను పట్టుకుని పరిష్కారం చెప్పడం... ఇదీ పని.

ఇటలీలోని వెనిస్ నగరానికి ఈ విద్యార్థులు 1988 నుంచి వెళుతున్నారు. వీధుల బదులు కాలువలుండే ఊరది. ఒక బృందం కాలువలు కొలిస్తే, ఇంకొకటి పడవల రాకపోకలు లెక్కపెట్టింది. సరుకుకో పడవ చొప్పున ఊరంతా తిప్పే బదులు ప్రాంతానికో పడవ చొప్పున సరుకులు పంపితే రద్దీ తగ్గుతుందని లెక్కగట్టి చెప్పింది మరో బృందం. కంప్యూటర్ సైన్సు చదివే అమ్మాయి తెల్లవారుజామున కాలువ గట్టున నిలబడి పడవలు లెక్కపెట్టడం వింతగానే ఉంటుంది. కానీ వ్యాపారంలో మొదటి పాఠం అదే కదా! ఎదుటివాడి అవసరం ఏమిటో గట్టున నిలబడి చూస్తేగానీ తెలియదు. మన దేశంలోనూ హిమాచల్‌ప్రదేశ్‌లోని ఐఐటీ మండీ విద్యార్థులు వోర్సెస్టర్ విద్యార్థులతో కలిసి కొండ ప్రాంతాల సమస్యల మీద ఇలాంటి ప్రాజెక్టులు చేశారు.

వోర్సెస్టర్‌లో ఇంకో ముచ్చటైన నియమం ఉంది. విద్యార్థి ఏదైనా కోర్సులో తప్పితే ఆ ఫెయిలు మార్కుల పత్రంలో ఎక్కదు. మళ్లీ చదువుకోవచ్చు. అంతే! కష్టమైన కోర్సును ఎంచుకోవడానికి, కొత్త పని మీద చెయ్యి వేయడానికి పిల్లలు జంకకూడదనే ఈ ఏర్పాటు. ఒక్క సబ్జెక్టు తప్పితే ‘బ్యాక్‌లాగ్’ ముద్ర పడిపోతుందని వణికిపోయే మన పిల్లలకు ఇది కలలాంటి మాటే.

ఇదంతా చదివినవాళ్ల జీవితాల్లో ఏం మార్పు తెచ్చింది? 1974 నుంచి 2011 వరకు 38 ఏళ్లలో పట్టా పుచ్చుకున్నవాళ్లను ఓ బయటి పరిశోధన సంస్థ చేత అడిగించింది వోర్సెస్టర్. నలుగురితో కలిసి పనిచేయడం, తన ఆలోచనను ఇతరులకు అర్థమయ్యేలా చెప్పడం, సమస్యను ఎదుటివారి వైపు నుంచి చూడటం లాంటివి ప్రాజెక్టుల వల్లే అబ్బాయని ఎక్కువమంది చెప్పారు. కాలేజీ దాటి బయటి ఊళ్లకు వెళ్లి చేసినవాళ్లలో ఈ ప్రభావం మరింత కనిపించింది. మరో విశేషం... మగవాళ్లకన్నా ఆడవాళ్లే ప్రాజెక్టుల వల్ల ఎక్కువ మేలు జరిగిందన్నారు. ‘ఇంజినీరింగ్ నీవల్ల ఎక్కడవుతుందమ్మా’ అనే మాటలు వింటూ పెరిగిన అమ్మాయికి చేసి చూపించే అవకాశం ఎంత విలువైందో ఈ ఒక్క ఫలితం చెబుతుంది.

యూరప్‌లో డెన్మార్క్‌కు చెందిన ఆల్బోర్గ్ విశ్వవిద్యాలయమైతే 1974లో పుట్టడమే ఈ పద్ధతితో పుట్టింది. అక్కడ సెమిస్టర్‌లో దాదాపు సగం పాఠాలకు, సగం ప్రాజెక్టుకు. ఒక్క ఇంజినీరింగే కాదు, ఇతర కోర్సులవాళ్లకూ ఇదే దారి. ఇప్పుడు ప్రపంచ దేశాల అధ్యాపకులు ఈ పద్ధతిని నేర్చుకోవడానికి అక్కడికి వెళుతున్నారు.

క్లాసులో పుట్టిన వెచ్చటి సంచి

ప్రాజెక్టు నిజంగా ఓ సంస్థగా ఎదగగలదా అంటే స్టాన్‌ఫర్డ్‌లోని ఓ కోర్సు గురించి చెప్పుకోవాలి. అతి తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు అందుబాటు ధరలో వస్తువులు తయారుచేయడమే ఆ కోర్సు ఉద్దేశం. బిజినెస్, ఇంజినీరింగ్ విద్యార్థుల్ని కలిపి బృందాలుగా చేస్తారు. 2007లో జేన్ చెన్, లైనస్ లియాంగ్, రాహుల్ పానికర్, నాగానంద్ మూర్తి ఒక బృందంలో పడ్డారు. వాళ్లకిచ్చిన సమస్య: నెలలు నిండకుండా, బరువు తక్కువగా పుట్టిన పిల్లల్ని వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్‌ను వీలైనంత చవగ్గా తయారుచేయడం. మామూలు ఇంక్యుబేటర్ ఖరీదు అప్పట్లో 20 వేల డాలర్ల దాకా ఉండేది.

అందరూ అనుకున్నదేమిటంటే, ఉన్న యంత్రంలోంచి కొన్ని భాగాలు తీసేసి ధర తగ్గించాలని. లియాంగ్ నేపాల్ వెళ్లి అక్కడి ఆసుపత్రి చూశాక ఆ ఆలోచన మారిపోయింది. ఆసుపత్రిలో ఇంక్యుబేటర్లు ఖాళీగా పడున్నాయి! ఎందుకంటే పసిబిడ్డలు ప్రాణాలు కోల్పోతున్నది మారుమూల ఊళ్లలో, ఆసుపత్రికి చేరేలోపే. అక్కడ కరెంటు ఉండదు, యంత్రం నడిపేవాళ్లు ఉండరు. అంటే కావాల్సింది చవకైన ఇంక్యుబేటర్ కాదు, తల్లి ఒళ్లో ఉంచుకోగలిగే వెచ్చదనం.

అలా పుట్టింది ‘ఎంబ్రేస్’. చూడ్డానికి బుజ్జి దుప్పటి సంచిలా ఉంటుంది. వెనక మైనం లాంటి పదార్థం నింపిన పొట్లం అమరుస్తారు. దాన్ని ఒకసారి వేడిచేస్తే కొన్ని గంటలపాటు 37 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటుంది. కోర్సు అయిపోయింది, మార్కులూ వచ్చేశాయి. అయినా వీళ్లు వదల్లేదు. సంస్థ పెట్టి మకాం భారత్‌కు మార్చారు, బెంగళూరు కేంద్రంగా పని మొదలుపెట్టారు.

ఇక్కడికొచ్చాక మరో పాఠం ఎదురైంది. పొట్లం ఎంత వేడెక్కిందో చూపించడానికి మొదట అంకెలున్న సూచిక పెట్టారు. పల్లెటూరి తల్లులతో మాట్లాడితే తెలిసిందేమిటంటే... పెద్ద డాక్టర్లిచ్చే మందు ఘాటుగా ఉంటుందన్న భయంతో మోతాదు తగ్గించి వేసినట్టే, వేడిని కూడా చెప్పినదానికన్నా తక్కువగానే ఉంచుతారట! బిడ్డ మీద ప్రేమే ఆ పని చేయిస్తోంది. కానీ అదే ప్రమాదం. దాంతో అంకెలు తీసేసి ‘సరిపోయింది’, ‘సరిపోలేదు’ అని మాత్రమే తెలిపే సూచిక పెట్టారు. ఈ పాఠం ఏ పుస్తకంలోనూ లేదు. ఆ తల్లుల దగ్గరే ఉంది.

అదే కోర్సులో అంతకు ఏడాది ముందు చదివిన సామ్ గోల్డ్‌మన్, నెడ్ టోజున్ కిరోసిన్ దీపాల బదులు సౌర దీపాలు తయారుచేయాలని 2007లో ‘డీలైట్’ సంస్థ పెట్టారు. గోల్డ్‌మన్ అంతకుముందు ఆఫ్రికాలోని బెనిన్‌లో స్వచ్ఛంద సేవకుడిగా ఉన్నప్పుడు పొరుగింటి పిల్లాడు కిరోసిన్ దీపం వల్ల తీవ్రంగా కాలిపోయాడు. మనసులో మెదులుతున్న ఆ బాధకు ఓ తరగతి గది దారి చూపించింది. ఆ దీపాలు ఆసియా, ఆఫ్రికా దేశాల్లోని లక్షలాది ఇళ్లకు చేరాయి.

మనవాళ్లూ తక్కువ తినలేదు

ఇదంతా విదేశీ వైభవం అనుకోనక్కర్లేదు. పిలానీలోని బిట్స్ 1973లోనే ‘ప్రాక్టీస్ స్కూల్’ ప్రారంభించింది. రెండో ఏడాది తర్వాత వేసవిలో సుమారు రెండు నెలలు, ఆఖరి ఏడాది ఐదున్నర నెలలు విద్యార్థులు పరిశ్రమలకే వెళ్లి అక్కడి అసలు సమస్యల మీద పనిచేస్తారు. వాళ్లతో పాటు అధ్యాపకుల పర్యవేక్షణా ఉంటుంది.

ఆ బిట్స్‌లో చదివి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న తెలుగు కుర్రాడు ఫణీంద్ర సామా 2005 దీపావళికి ఇంటికి బయల్దేరాడు. బస్సు టికెట్టు దొరకలేదు. అలాంటి అనుభవం ఆ రోజు వేలమందికి అయ్యుంటుంది. అందరూ విసుక్కుని ఊరుకున్నారు. ఫణీంద్ర మాత్రం ఏ బస్సులో ఏ సీటు ఖాళీగా ఉందో ఒక్కచోట ఎందుకు తెలియదని ఆలోచించాడు. బిట్స్ మిత్రులైన సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజులతో కలిసి ట్రావెల్స్ ఆఫీసుల చుట్టూ తిరిగాడు. 2006లో ‘రెడ్‌బస్’ రోడ్డెక్కింది. 2013లో దాన్ని ఐబిబో గ్రూపు కొనుగోలు చేసింది. తర్వాత కొన్నేళ్లకు ఫణీంద్రను తెలంగాణ ప్రభుత్వం ముఖ్య ఆవిష్కరణల అధికారిగా నియమించింది. రెడ్‌బస్ ఘనతంతా ప్రాక్టీస్ స్కూల్‌దేనని చెప్పలేం. కానీ బయటి ప్రపంచం సమస్యను తన సమస్యగా చూసే అలవాటున్న కాలేజీలో చదవడం ఆ ముగ్గురికీ కలిసొచ్చిందనడంలో తప్పులేదు.

ఐఐటీ మద్రాస్‌లో 2008లో మొదలైన ‘సెంటర్ ఫర్ ఇన్నోవేషన్’ది మరో పంథా. 1981లో అక్కడ చదువు ముగించిన పూర్వ విద్యార్థుల సాయంతో ఏర్పడిన ఆ ప్రయోగశాలను నడిపేది విద్యార్థులే. ఆలోచనతో లోపలికి వచ్చి వస్తువుతో బయటికి వెళ్లాలన్నది అక్కడి నినాదం. రేసు కార్లు, డ్రోన్లు, రోబోలు... ఏ సబ్జెక్టువాడైనా దేని మీదైనా చెయ్యి వేయొచ్చు.

అదే ఐఐటీలో ఇంజినీరింగ్ డిజైన్ చదివిన తరుణ్ మెహతా, స్వప్నిల్ జైన్‌ల కథ తల్లిదండ్రులందరూ వినాల్సింది. చదువుకునే రోజుల్లోనే ఇద్దరూ రకరకాల ప్రాజెక్టుల మీద పనిచేశారు. బయటికొచ్చి చెరో కంపెనీలో చేరారు గానీ మనసు నిలవలేదు. ఎలక్ట్రిక్ స్కూటర్లకు మంచి బ్యాటరీ తయారుచేసి అమ్ముదామని మొదలుపెట్టారు. తీరా అప్పటి స్కూటర్లను విప్పి చూస్తే బ్యాటరీ ఒక్కటి మార్చితే సరిపోదని తేలింది. వేరేవాళ్లయితే అక్కడితో ఆపేసేవారేమో. వీళ్లు స్కూటరే తయారుచేద్దామనుకున్నారు! 2013లో ‘ఏథర్’ సంస్థ పెట్టారు. నమూనాను 2016లో చూపించారు. స్కూటర్ మార్కెట్లోకి వచ్చింది 2018లో. అంటే ఐదేళ్లు! ఆ ఐదేళ్లూ నిలబెట్టింది కేవలం డబ్బు కాదు. చేస్తే అవుతుందన్న నమ్మకం. 2025లో ఆ కంపెనీ స్టాక్ మార్కెట్లో నమోదైంది.

అందరూ యజమానులైపోతారా?

ఇక్కడో మాట నిజాయతీగా చెప్పుకోవాలి. ప్రాజెక్టులు చేయించినంత మాత్రాన పిల్లలందరూ వ్యాపారాలు పెట్టేయరు. పెట్టాలన్న కోరిక తగ్గొచ్చు కూడా!

నెదర్లాండ్స్‌లోని ఓ కాలేజీలో విద్యార్థులు ఏడాదిపాటు చిన్న కంపెనీ నడిపే కార్యక్రమం ఉండేది. వాటాలు అమ్మి పెట్టుబడి తెచ్చుకోవాలి, సరుకు తయారుచేయాలి, అమ్మాలి, లెక్కలు చూపాలి. దాని ప్రభావాన్ని పరిశీలించిన ఆర్థికవేత్తలు 2010లో ఫలితాలు ప్రకటించారు. అందరూ ఊహించినదానికి భిన్నంగా, ఆ కార్యక్రమంలో పాల్గొన్నాక సొంత వ్యాపారం పెట్టాలన్న ఉత్సాహం తగ్గింది. వ్యాపార నైపుణ్యాలు చెప్పుకోదగ్గంత పెరగనూ లేదు. జర్మనీలోని మ్యూనిక్‌లో వ్యాపార ప్రణాళికల కోర్సు చదివిన విద్యార్థుల మీద జరిగిన మరో అధ్యయనమూ అదే ఏడాది వెలువడింది. అక్కడ తమ సామర్థ్యం మీద పిల్లలకు నమ్మకం పెరిగింది గానీ, వ్యాపారం పెట్టాలన్న ఆలోచన మాత్రం కొంత తగ్గింది.

అయితే ఇది నష్టమా? కాదనే చెప్పాలి. సినిమాల్లో చూసో, పేపర్లో కోట్ల లెక్కలు చదివో వ్యాపారం మీద మోజు పెంచుకున్నవాడికి అసలు సంగతి కాలేజీలోనే తెలిసిపోవడం మంచిదే. ఇల్లు తాకట్టు పెట్టాకో, నాన్న పీఎఫ్ డబ్బులు కరిగిపోయాకో తెలిస్తే కుటుంబం మొత్తం నలిగిపోతుంది. ‘ఇది నాకు సరిపడదు’ అని తేల్చుకోవడం కూడా ఆత్మవిశ్వాసమే. అలా తేల్చుకున్నవాడు ఉద్యోగంలో చేరినా తల దించుకుని చేరడు. కొత్త పని ఎదురైతే పారిపోడు. ఒకవేళ ‘ఇదే నా దారి’ అని తేలితే, అతడి ధైర్యానికి ఓ పునాది ఉన్నట్టే.

ఇంకో లోపమూ ఉంది. నలుగురి బృందంలో ఒకడు చేస్తే ముగ్గురు సంతకం పెట్టడం మనకు కొత్తేమీ కాదు. అందుకే ఈ పద్ధతిని ఏళ్ల తరబడి నడుపుతున్నచోట బృందానికి ఒకే ప్రాజెక్టు ఉన్నా, ప్రశ్నలు మాత్రం ఒక్కొక్కరినీ అడుగుతారు. అధ్యాపకుడి పాత్రా మారుతుంది. బోర్డు దగ్గర నిలబడి చెప్పడం తగ్గి, పక్కన కూర్చుని ‘ఇలా ఎందుకు చేశావు?’ అని అడగడం పెరుగుతుంది. ఒక్క గైడు చేతికి లెక్కకు మించిన బృందాల్ని అప్పజెప్పే చోట ఆ పక్కన కూర్చునే తీరికెక్కడిది? మన కాలేజీలు ముందుగా ఆలోచించాల్సింది అదే.

సాధన సామగ్రి లేదన్న సాకు మాత్రం మెల్లగా తగ్గుతోంది. పాఠశాలల్లో అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు పదివేల దాకా వచ్చాయి. ప్రభుత్వ పాఠశాలల్లో ఐదేళ్లలో మరో 50 వేలు పెడతామని కేంద్రం 2025 బడ్జెట్‌లో ప్రకటించింది. కేంద్ర మంత్రిత్వ శాఖలే సమస్యలిచ్చి కాలేజీ పిల్లల చేత పరిష్కారాలు రాబట్టే స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ 2017లో మొదలైంది. హైదరాబాద్ రాయదుర్గంలో నమూనా వస్తువులు తయారుచేసుకోవడానికి కావాల్సిన యంత్రాలతో ‘టీ-వర్క్స్’ 2023లో ప్రారంభమైంది. యంత్రాలున్నాయి. ఇక కావాల్సింది సొంత సమస్యతో తలుపు తట్టే పిల్లలు.

ఆసు యంత్రం చెప్పిన పాఠం

కాలేజీ మెట్లెక్కకుండానే ఈ పద్ధతిని ఆచరించి చూపించిన మనిషి మన మధ్యే ఉన్నారు. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఆరో తరగతితోనే చదువు ఆపేశారు. తల్లి లక్ష్మి పోచంపల్లి చీరల కోసం ఆసు పోసేవారు. మేకుల చుట్టూ దారాన్ని తిప్పుతూ ఒక్కో చీరకు చెయ్యి వేలసార్లు అటూ ఇటూ ఆడించాలి. భుజం నొప్పితో ఆమె పడే బాధ చూడలేక, ఆ పని చేసే యంత్రం కడతానని పూనుకున్నారు మల్లేశం. ఇంజినీరింగ్ తెలియదు, డబ్బు లేదు. చేసిన ప్రతి భాగం ఎక్కడో అక్కడ మొరాయించేది. హైదరాబాద్ వచ్చి ఎలక్ట్రీషియన్ పని చేసుకుంటూనే ఆలోచన వదల్లేదు. బాలానగర్‌లోని ఓ కార్ఖానాలో మరేదో యంత్రం కదలిక చూసినప్పుడు చిక్కుముడి విడిపోయింది. 1999లో యంత్రం పూర్తయింది. దానికి అమ్మ పేరే పెట్టారు... లక్ష్మీ ఆసు యంత్రం! తర్వాత వందలాది నేత కుటుంబాలకు అలాంటి యంత్రాలు చేసి ఇచ్చారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. 2019లో ఆయన జీవితం సినిమాగానూ వచ్చింది.

ఆయన చేసింది అచ్చమైన ప్రాజెక్టు. సమస్య నిజమైనది, ఇంట్లోదే. వాడాల్సిన మనిషి ఎదురుగానే ఉంది. తప్పినప్పుడల్లా మళ్లీ చేసుకునే మొండితనం ఉంది. ఓలిన్‌లో, వోర్సెస్టర్‌లో, స్టాన్‌ఫర్డ్‌లో కోట్లు ఖర్చుపెట్టి పిల్లలకు అందించాలని చూస్తున్నది కూడా ఈ మూడింటినే. తేడా ఒక్కటే. మల్లేశానికి ఏళ్లూపూళ్లూ పట్టింది. తోడుగా ఓ గైడు, పనిముట్లు, పక్కన మిత్రులు ఉంటే పిల్లలకు అంత కాలం పట్టదు. కాలేజీ అనేది ఉన్నది అందుకే కదా!

ఇంట్లో అడగాల్సిన ప్రశ్నలు

ప్రాజెక్టంటే కాలేజీ వ్యవహారం, మనకేం తెలుస్తుందని తల్లిదండ్రులు పక్కకు తప్పుకోనక్కర్లేదు. సాంకేతిక పరిజ్ఞానం ఏమీ లేకపోయినా అడగగలిగే ప్రశ్నలివి.

• ఈ ప్రాజెక్టు ఎవరి కష్టం తీరుస్తుంది? వాళ్లతో ఒక్కసారైనా మాట్లాడావా?
• నలుగురిలో నీ వంతు పని ఏమిటి?
• ఇప్పటిదాకా ఎన్నిసార్లు తప్పింది? ఎందుకు తప్పింది?
• అమ్మమ్మకు కూడా అర్థమయ్యేలా రెండు నిమిషాల్లో చెప్పగలవా?
• మార్కులు వచ్చేశాక కూడా దీన్ని కొనసాగించాలనిపిస్తోందా?

కాలేజీలో చేర్చేముందు ప్యాకేజీలెంత, ప్లేస్‌మెంట్లెన్ని అని వాకబు చేయడం మామూలే. దాంతోపాటు ‘మొదటి ఏడాదిలోనే పిల్లల చేత ఏమైనా చేయిస్తారా? గతేడాది పిల్లలు చేసినవి చూపిస్తారా?’ అనీ అడగొచ్చు. జవాబు చెప్పే తీరులోనే కాలేజీ సంగతి తెలిసిపోతుంది.

ఈసారి ‘నాన్నా, ప్రాజెక్టుకు డబ్బులు కావాలి’ అన్న మాట వినిపిస్తే కాదనకండి. వైర్లు కొంటానన్నా, పాత మోటారు కొంటానన్నా, పక్క జిల్లాలోని రైతుతో మాట్లాడటానికి బస్సు ఛార్జీలకన్నా ఇవ్వండి. మొదటిసారి చేసింది కాలిపోయి ఇంకోసారి అడిగినా ఇవ్వండి. తయారై ఉన్నది కొనుక్కోవడానికైతే మాత్రం... ఒక్కసారి ఆగి, ఆ పిల్లాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడండి. ఆ కొన్ని వేలతో పోయేది డబ్బొక్కటే కాదని చెప్పండి.